పల్లి చేని వీడియో వెదకువారికి దొరకుట ఎట్లు?



కొత్తకోట చుట్టుప్రక్కల చల్క నేలలలో యాసంగి పల్లి వేయువారికి ఊడలు దిగు సమయము ఎంత ముఖ్యమో తెలియనిది కాదు. పల్లికాయ తనకు కావలసిన కాల్షియమును చుట్టునున్న మట్టినుండి నేరుగా తీసుకొనును. కావుననే పూత సమయములో, ఊడలు దిగుటకు ముందు, ఎకరమునకు 200 కిలోల జిప్సము మొక్కల మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయవలెనని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆ అదను దాటినచో తాలుకాయలు పెరుగును.

ఈ పనిని అనుభవముతో నేర్చిన రైతు ఒకరు తన చేనిలోనే సెల్‌ఫోనుతో వీడియో తీసి యూట్యూబులో పెట్టినారనుకొందము. ప్రక్క మండలములోని మరొక రైతు అదే వారము వెదకినాడు. కాని అది ఆయనకు కనబడలేదు. పంట పీకిన తరువాత కనబడిన ఆ యేటికి ప్రయోజనమేమి? వీడియో తీయుట సగము పని. అక్కరగలవానికి అదనులో దొరకునట్లు చేయుట మిగిలిన సగము.

చేతికందించు మనిషి లేడు

2006లో బెంగుళూరులో మొదలైన డిజిటల్ గ్రీన్ పథకములో రైతుల వీడియోలను రైతులకే చూపించిరి. అచట ఒక కార్యకర్త తగిన వీడియోను ఎంచి, గ్రామస్థులను కూర్చుండబెట్టి, నడుమ ఆపి ప్రశ్నలడిగి వివరించెడివాడు. యూట్యూబులో అట్టి మనిషి లేడు. ఆ కార్యకర్త చేయు పనిని అచట మీరు వ్రాయు శీర్షికయు, వివరణయు చేయవలెను.

వెదకినప్పుడు ఏ వీడియో ముందు రావలెనని నిర్ణయించుటకు యూట్యూబు చూచు ముఖ్య సంగతులలో రెండు ఇవి. అడిగిన మాటలకు వీడియో శీర్షిక, వివరణ, లోపలి విషయము ఎంతవరకు సరిపోవుచున్నవి అనునది మొదటిది. ఆ మాటలతో వచ్చినవారు ఆ వీడియోను నిలిచి చూచిరా, వెంటనే విడిచిపోయిరా అనునది రెండవది. ఈ రెండును మన చేతిలోని పనులే.

చేయవలసిన పనులు

1. ఒక వీడియోకు ఒకే ప్రశ్న: విత్తనము, జిప్సము, తెగుళ్లు అన్నియు ఒకే దానిలో చెప్పినచో ఏ ప్రశ్నకును అది సరియైన జవాబుగా కనబడదు. జిప్సము గురించి ఒకటి, మచ్చ తెగులు గురించి మరొకటి తీయుడు.

2. వెదకువాని మాట: మందు పేరు తెలిసినవాడు “జిప్సం” అని వెదకును. తెలియనివాడు “పల్లికాయలు తాలు ఎందుకు అవుతున్నాయి” అనియో, “పల్లి పూతలో ఏ ఎరువు వేయాలి” అనియో అడుగును. మన సీమలో పల్లి అందురు; పుస్తకములలో వేరుశనగ అందురు; కొందరు వేరుశెనగ అని వ్రాయుదురు. వెదకు గడిలో “పల్లి” అని కొట్టి ఆగినచో క్రింద కొన్ని వాక్యములు కనబడును. అవి జనులు వెదకుచున్న మాటలకు చక్కని జాడ. వాటిని కాగితముపై వ్రాసికొనుడు.

3. శీర్షిక: దీనికి 100 అక్షరముల వరకే అనుమతి. ఫోనులో చివరి భాగము కనబడకపోవచ్చును గాన ముఖ్యమైన మాటలు ముందుండవలెను. “అద్భుత దిగుబడి రహస్యం” అనునది ఏ పంటకో తెలియదు. “పల్లి పూతలో జిప్సం: ఎప్పుడు వేయాలి? ఎకరాకు ఎంత?” అన్నచో అడిగినవానికి జవాబు ఎచటనున్నదో తెలియును.

4. వివరణ: 5,000 అక్షరముల వరకు వ్రాయవచ్చును గాని మొదటి రెండు వాక్యములే ప్రాణము. పంట, కాలము, నేల, ప్రాంతము అందులో చెప్పుడు. పల్లి, వేరుశనగ అను రెండు పేర్లును వాక్యములలో సహజముగా వాడుడు. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరములలో కొట్టి వెదకువారు కూడ గలరు గాన పంట పేరు ఆ లిపిలో ఒకసారి వ్రాయుట మేలు. ఏ నిమిషములో ఏమున్నదో సమయములతో పట్టిక ఇచ్చినచో వీడియో భాగములుగా విడివడును. పట్టిక 0:00తో మొదలు కావలెను. కనీసము మూడు భాగములుండవలెను. ఒక్కొక్కటి 10 సెకనులకు తగ్గరాదు. ట్యాగులపై ఎక్కువ కాలము వెచ్చింపనక్కరలేదు. తప్పుగా వ్రాయబడు పేర్లకు మాత్రమే అవి కొంత అక్కరకు వచ్చును.

5. ముఖచిత్రము: పూతతోనున్న మొక్కయు, చేతిలో జిప్సమును దగ్గరనుండి చూపుడు. నాలుగైదు మాటలకు మించి వ్రాయకుడు.

6. మొదటి అర నిమిషము: కుశల ప్రశ్నలతో గడపక, పంట పేరు చెప్పి జవాబు ముందే చెప్పుడు. కారణములను, చేయు విధానమును తరువాత చూపుడు.

7. అదను: అక్టోబరు మొదట విత్తిన పంటకు నవంబరు నడుమ జిప్సము అవసరపడును. వీడియో అక్టోబరులోనే పెట్టుడు.

8. తరువాతి పరిశీలన: యూట్యూబు స్టూడియోలో, ఏ మాటలతో వెదకి జనులు మీ వీడియోకు వచ్చిరో కనబడును. మీరు తలచని మాట అందులో ఉన్నచో శీర్షికను సవరింపవచ్చును. లేదా ఆ ప్రశ్నకు మరొక వీడియో తీయవచ్చును.

నమ్మకము చెడనీయరాదు

నల్లగొండ జిల్లాకు చెందిన రాజేందర్ రెడ్డి గారి ‘తెలుగు రైతుబడి’లో పంట పండించిన రైతు నోటనే ఖర్చులు, కష్టములు చెప్పించుట చూచియుందురు. చూచువాడు కోరునది అట్టి మాటయే. వీడియోలో లేని దిగుబడిని శీర్షికలో వ్రాసినచో ఒకసారి వత్తురు, అరక్షణములో విడిచిపోవుదురు. ఆ విడిచిపోవుటయే వీడియోను వెనుకకు నెట్టును. అంతకు మించిన కీడు మరొకటి గలదు: మోతాదు తప్పు చెప్పిన, నమ్మినవాని చేను నష్టపడును. కావున మోతాదును వ్యవసాయ విస్తరణాధికారితో సరిచూచుకొని చెప్పుడు. తప్పు దొరలినచో వివరణ మొదటి వాక్యములోనే సవరణ వ్రాయుడు.

ఈ యాసంగికి ఒక ప్రశ్నను ఎంచుకొనుడు. ఎరువుల దుకాణము వద్ద రైతులు దానిని ఏ మాటలతో అడుగుచున్నారో వినుడు. ఆ మాటలే మీ శీర్షిక కావలెను.