రాయితీ గడువు: విద్యుత్ స్కూటర్ల బేరంలో అసలు తేదీ ఏది?

తూప్రాన్: విద్యుత్ వాహనాల రాయితీ ముగుస్తున్నదనగానే వర్తకుల దృష్టి ఢిల్లీ వైపు మళ్లడం పరిపాటి. తెలంగాణలో మాత్రం లెక్క వేరు. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద రెండవ సంవత్సరం ద్విచక్ర వాహనానికి ఇచ్చే మొత్తాన్ని కిలోవాట్ అవరుకు 2,500 రూపాయలకు, గరిష్ఠంగా 5,000 రూపాయలకు తగ్గించింది. దానికి 2026 మార్చి 31 గడువుగా 2025 ఆగస్టులో నిర్ణయించింది. రాష్ట్రం వదులుకొంటున్న రోడ్డు పన్ను ఇంతకంటె పెద్దది. 95,000 రూపాయల స్కూటరుకు 12 శాతం చొప్పున 11,400 రూపాయలు. రిజిస్ట్రేషన్ రుసుము మాఫీ దీనికి అదనం.

2020 నాటి రాష్ట్ర విధానంలో ఈ మినహాయింపు మొదటి 2 లక్షల ద్విచక్ర వాహనాలకే పరిమితం. 2024 నవంబరు 18 నుంచి అమలైన ఉత్తర్వు సంఖ్య పరిమితిని తీసివేసి, 2026 డిసెంబరు 31ని గడువుగా పెట్టింది. సంఖ్యతో ముగిసే రాయితీ ఎప్పుడు అయిపోతుందో కొనేవారికి తెలియదు. తేదీతో ముగిసేది అందరికీ ముందే తెలుసు. కనుక గిరాకీ అంతా గడువు ముందుకు జరుగుతుంది, ఆ తరువాత బజారు బోసిపోతుంది.

దీనికి రుజువులున్నవి. 2023 జూన్ 1న కేంద్రం ఫేమ్-2 రాయితీని కిలోవాట్ అవరుకు 15,000 నుంచి 10,000 రూపాయలకు, ధరలో 40 శాతం పరిమితిని 15 శాతానికి తగ్గించింది. మే నెలలో లక్ష దాటిన స్కూటర్ల రిజిస్ట్రేషన్లు జూన్‌లో సగానికంటె దిగువకు పడిపోయినవి. ఫేమ్-2 ముగిసిన 2024 మార్చిలోనూ అమ్మకాలు ఎగసి, ఏప్రిల్‌లో సగానికి దిగినవి. (ఈ అఖిల భారత లెక్కలలో తెలంగాణ కలవదు. ఇక్కడి రిజిస్ట్రేషన్లు అప్పట్లో వేరుగా నమోదయ్యేవి.) అయితే మందకొడి శాశ్వతం కాలేదు. కంపెనీలు చిన్న బ్యాటరీ బండ్లు దింపినవి. లిథియం ధరలు పడిపోవడం కూడా వాటికి కలిసి వచ్చింది. రాయితీ ఎంత పోయిందో అంతా ధరలోకి ఎక్కలేదు.

తూప్రాన్ వర్తకులు పంచాంగం కూడా చూడవలసి ఉన్నది. 2026లో అధిక మాసం వల్ల దసరా అక్టోబరు 20కి, దీపావళి నవంబరు 8కి జరిగినవి. దసరాకూ గడువుకూ మధ్య 72 రోజులే. వానాకాలం వడ్ల డబ్బు చేతికి వచ్చేదీ అప్పుడే. మనోహరాబాద్, కాళ్లకల్ కర్మాగారాలకు రోజూ బండిమీద పోయివచ్చే కార్మికులు మరొక పక్క. కాని డిసెంబరు మధ్య నుంచి ధనుర్మాసం. కొత్త బండి ఇంటికి తెచ్చుకొనేందుకు అప్పుడు వెనుకాడేవారున్నారు. శకునమా, పదకొండు వేలా అన్నప్పుడు డబ్బే గెలవవచ్చును గాని, దానిని నమ్ముకొని సరుకు నింపడం జూదమే. బేరం నవంబరులోనే ముగించుకోవడం మేలు.

సరుకు మిగిలితే ఏమవుతుంది? 95,000 చొప్పున 20 బండ్లు నిలిస్తే 19 లక్షలు ఇరుక్కొన్నట్లు. నూటికి రూపాయి వడ్డీ వేసినా నెలకు 19,000. బండి నిలిచినకొద్దీ బ్యాటరీ చార్జింగు కూడా చూసుకోవాలి. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు పెట్రోలు బండ్ల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. విద్యుత్ బండ్లకు ఉన్న 5 శాతం అలాగే ఉన్నది. ఎదుటి బండితో ధరల తేడా ఇప్పటికే తగ్గిపోయింది.

తగాదాలు వచ్చేది అడ్వాన్సుల దగ్గర. జర్మనీ ప్రభుత్వం 2023 డిసెంబరు 17న ఒక్కరోజు ముందు చెప్పి రాయితీ ఆపివేసినప్పుడు, ఆర్డరిచ్చి బండి అందనివారు దానిని కోల్పోయారు. కొందరికి కంపెనీలు సొంత సొమ్ముతో భర్తీ చేసినవి. ఇక్కడా మినహాయింపు వర్తించేది గడువులోగా కొని రిజిస్టరు చేసిన బండికే, అడ్వాన్సు రసీదుకు కాదు. కంపెనీ నుంచి సరుకు ఆలస్యమై జనవరి వస్తే పన్ను ఎవరు భరించాలో ఆర్డరు ఫారం మీదనే రాసుకొని సంతకం పెట్టించుకోవాలి. డిసెంబరు 20 తరువాత రంగు, నమూనా ఎంచుకొన్న ఆర్డర్లు తీసుకోక, షోరూములో ఉన్న బండ్లనే అమ్ముకోవడం ఉత్తమం.