బొమ్మలమ్మ గుట్ట

కరీంనగరము నుండి కొండగట్టు ఆంజనేయస్వామి దర్శనమునకు పోవు యాత్రికులు గంగాధర ప్రాంతము మీదుగా జగిత్యాల దారిని సాగిపోదురు. ఆ ప్రాంతముననే కురిక్యాల యను పల్లె యున్నది. పల్లె దాపున ఒక రాతిగుట్ట కలదు. అచ్చట ఆగి చూచువారు అరుదు.

ఊరివారు దానిని బొమ్మలమ్మ గుట్ట యందురు. బండ మీద ఒక దేవతామూర్తియు, జినమూర్తులును చెక్కబడియున్నవి. ఆ దేవత ఎవరో ఊరు మరచినది; బొమ్మలున్నవి గనుక బొమ్మలమ్మ యని పిలుచుకొన్నది. మరపులోను ఎంత మన్నన! బండపై చెక్కిన అక్షరములు మాత్రము ఏమియు మరువలేదు. అవి క్రీ. శ. 945 ప్రాంతమునాటివి.

సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలలో నున్న ఆ శాసనమును వేయించినవాడు జినవల్లభుడు. కన్నడ ఆదికవి పంపడు ఇతని అన్న. వారి పూర్వులది వేంగినాడు. తండ్రి జైనమును స్వీకరించెను. వేములవాడ చాళుక్యరాజు రెండవ అరికేసరి పంపని కవిత్వమునకు మెచ్చి ధర్మవురమును అగ్రహారముగా నిచ్చెను. సబ్బినాటి నడుమ, ఆ ధర్మవురమునకు ఉత్తరమున, వృషభగిరి యను తీర్థము కలదని శాసనము చెప్పుచున్నది. సబ్బినాడనగా నేటి కరీంనగర ప్రాంతము. వృషభగిరియే ఈ గుట్ట. ఆదితీర్థంకరుని చిహ్నము వృషభము, ఆయన యక్షి చక్రేశ్వరి. మన బొమ్మలమ్మ ఆమెయే.

జినవల్లభుడు ఇచ్చట త్రిభువనతిలకమను బసదిని కట్టించెను, మదనవిలాసమను తోట వేయించెను, చెరువు త్రవ్వించెను. చెరువు పేరు కవితాగుణార్ణవము. అది పంపని బిరుదు! అన్న బిరుదును తమ్ముడు నీటికి పెట్టినాడు. బసదియు, తోటయు, చెరువును ఉన్నచోట అర్చకులు, తోటమాలులు, సేద్యగాండ్రు ఉండక తప్పదు గదా. కాని 973లో రాష్ట్రకూట రాజ్యము కూలెను. వారి సామంతులైన వేములవాడ చాళుక్యుల ఏలుబడియు ఎక్కువకాలము నిలువలేదు. రాజాదరణ తొలగిన తీర్థము క్రమముగా చిన్నబోయినది.

శాసనపు తెలుగు భాగము మూడు కందపద్యములు. నన్నయకు సుమారు నూరేండ్ల ముందటివి! భారతాంధ్రీకరణము మొదలు కాకమునుపే సబ్బినాట గణములు, ప్రాస చక్కగా కుదిరిన కందము నడచుచుండెననుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

కరీంనగర ప్రాంతపు గ్రానైటు దూరదేశములకు ఎగుమతి యగుచున్నది. గుట్ట చేరువ జరుగు రాతి తవ్వకముల వలన శాసనమునకు ముప్పు కలదని చరిత్రప్రియులు మొరపెట్టుకొనిరి. జినవల్లభుని మూడు కందములు ఆ బండ మీదనే యున్నవి.