చిల్లర నాణెములు – తూకపు పరీక్ష

తెలుగున ‘నాణెము’ అను మాటకు చెలామణి బిళ్ళ అను అర్థమేగాక, మేలిమి అను అర్థము కూడ కలదు. అట్టి నాణెమునే శంకించి నిరాకరించు వాడుక మన గ్రామములలో కొంతకాలముగ వ్యాపించినది. పది రూపాయల బిళ్ళ చెల్లదని కొట్టువాడు త్రోసివేయగా, కూలి డబ్బు చేతబట్టుకొని వచ్చిన స్త్రీ ఉప్పు పప్పు లేకయే మరలిపోవలసి వచ్చుచున్నది. “ఈ బిళ్ళ బరువు తక్కువ, ఆ బిళ్ళ అచ్చు వేరు” అను తగవు తుదకు పంచాయతీ సభ్యుని యొద్దకే చేరును. కావున నాణెముల తూకమును గూర్చి సభ్యులు తెలిసికొనదగిన సంగతులను ఇచట వివరించుచున్నాము.

నాణెము తయారగు విధము

మన దేశమున ముంబయి, కోల్‌కత, హైదరాబాదు, నోయిడాలలో నాలుగు టంకశాలలు కలవు. హైదరాబాదు టంకశాల 1803లో నెలకొల్పబడి, 1997లో చర్లపల్లికి తరలినది. సంవత్సరపు అంకె క్రింద నక్షత్రపు గుర్తున్నచో ఆ నాణెము అచటిదని గ్రహింపవలెను.

లోహపు రేకునుండి బిళ్ళలను కోసి, అంచు లేపి, రెండు అచ్చుల నడుమ నొక్కి ముద్ర వేయుదురు. కోతలో అంచు తెగినను, రేకు పలుచనైనను, ఒక విలువకు ఉద్దేశించిన బిళ్ళపై వేరొక విలువ అచ్చు పడినను తూకము మారును. ముద్ర ప్రక్కకు జరిగినను, అచ్చు పగిలి గీత పడినను తూకము మారదు. అనగా త్రాసు బిళ్ళలోని లోపమును పట్టగలదుగాని, ముద్రలోని లోపమును పట్టజాలదు.

నిర్ణీతమైన తూకములు

1 రూపాయి: 2011 నాటి వరుసలో 3.79 గ్రాములు, 2019 నాటి వరుసలో 3.09 గ్రాములు.
2 రూపాయలు: 4.85, 4.07.
5 రూపాయలు: 6.00, 6.74.
10 రూపాయలు: 7.71, 7.74.
20 రూపాయలు: 2019 నాటి వరుసలోనే వచ్చినది, 8.54.

1992 నుండి వచ్చిన ఉక్కు రూపాయి బిళ్ళ తూకము 4.85 గ్రాములు. ఇది 2011 నాటి రెండు రూపాయల బిళ్ళకు సమానము; రెండింటి అడ్డుకొలత కూడ 25 మిల్లీమీటర్లే. ఆనాటి మందపు ఐదు రూపాయల బిళ్ళ 9 గ్రాములు. కావున తూచుటకు ముందు విలువను, సంవత్సరమును చదువవలెను. తూకము వేరైనంత మాత్రమున నాణెము దొంగది కానేరదు.

తూచు పద్ధతి

కిరాణా త్రాసుపై ఒక్క నాణెమును తూచుట వ్యర్థము. గ్రాములో నూరవ వంతును చూపు కంసాలి త్రాసు కావలెను. ఒకే వరుసకు చెందిన నాణెములను నూరేసి చొప్పున తూచినచో లెక్క సరిచూచుకొనవచ్చును. 2011 నాటి పది రూపాయల నాణెములు నూరు కలిసి 771 గ్రాములు తూగవలెను. ఐనను నూటిలో నొక చెడు బిళ్ళను ఈ పద్ధతి చూపదు. ఒక రూపాయి, రెండు రూపాయల నాణెములను తూకముపై స్వీకరించుట మేలని రిజర్వు బ్యాంకు కూడ బ్యాంకులకు సూచించియున్నది.

చట్టము చెప్పునది

2011 నాటి నాణెముల చట్టము ప్రకారము, రూపాయియు అంతకు మించిన విలువగల నాణెములును వేయి రూపాయల మొత్తము వరకు చెల్లును. అర్ధరూపాయి పది రూపాయల మొత్తము వరకు చెల్లును. ఐతే నాణెము రూపు చెరుపబడి యుండరాదు; నిర్ణయించిన కనీసపు తూకమునకు తగ్గి యుండరాదు. అప్పటికి వెలువడిన పది రూపాయల నాణెముల 14 నమూనాలును చెల్లునని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటించినది. పావలాయు, అంతకు తక్కువ నాణెములును మాత్రము 2011 జూన్ 30 నుండి చెలామణినుండి తొలగినవి.

మరియొక మోసము

అచ్చుతప్పు నాణెము దొంగ నాణెము కాదు. అది ప్రభుత్వ టంకశాలలో పుట్టినదే. దీనినే ఆసరా చేసికొని, అట్టి బిళ్ళలకు లక్షలిత్తుమని ఆశ చూపి, ముందుగ రుసుము కట్టుమనువారు కలరు. పాత నోట్లు, నాణెముల క్రయవిక్రయములకై తన పేరు వాడుకొని రుసుములు వసూలు చేయు మోసగాండ్రను నమ్మవద్దని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు హెచ్చరించినది.

సభ్యుల కర్తవ్యము

గ్రామసభలో ఈ సంగతులను చదివి వినిపింపవలెను. ఇంటిపన్ను వసూలులో నాణెములను స్వీకరించి పంచాయతీయే దారి చూపవలెను. అనుమానము కలిగిన బిళ్ళను బ్యాంకునందు చూపవలెనుగాని, దొంగదని తెలిసియు ఇతరులకు అంటగట్టరాదు, అది నేరము. త్రాసు చూపునది అనుమానమే, తీర్పు కాదు. ఆ అనుమానమును తీర్చుకొనక పేదవాని చేతిలోని మంచి నాణెమును త్రోసివేయుట న్యాయము కాదు.