కొసరి కొసరి వడ్డిస్తున్నారా?



డిశ్చార్జి రోజున మీ చేతికిచ్చే కాగితాలలో మందుల చీటీతో పాటు ఆహార నియమాల కాగితం కూడా ఒకటి ఉంటుంది. మందుల చీటీని మీరు భద్రంగా దాచుకుంటారు. రెండవ కాగితం మాత్రం చాలా ఇళ్ళలో వారం తిరగకుండానే కనబడకుండా పోతుంది. నెల తర్వాత పరీక్షకు వచ్చేసరికి రోగి బరువు అంతే ఉంటుంది, లేదా ఒక కిలో పెరిగి ఉంటుంది. "ఏం చేయమంటారండీ, ఆయన నోరు కట్టుకోలేరు" అని మీరంటారు. ఆయనేమో "అడక్కుండానే కంచంలో వేస్తుంటే ఎలా వద్దంటానండీ?" అంటారు. మేము చూసినంతలో ఈ రెండవ మాటే ఎక్కువసార్లు నిజం. అందుకే ఈ పాఠం రోగికి కాదు, వడ్డించే మీకు.

బరువు గురించి ఇంత పట్టు ఎందుకని మీరు అడగవచ్చు. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో జరిగిన 1,354 మరణాలకు కారణాలేమిటో పరిశోధకులు ఆ కుటుంబాలనే అడిగి తెలుసుకున్నారు. గుండె, రక్తనాళాల జబ్బులే మొదటి స్థానంలో నిలిచాయి. దాదాపు మూడవ వంతు మరణాలు వాటివల్లనే సంభవించాయి. ఇదే ప్రాంతంలో 20 గ్రామాలలో 30 ఏళ్ళు దాటినవారిని పరీక్షించి 2006లో ప్రచురించిన మరొక అధ్యయనంలో నూటికి 13 మందికి మధుమేహం ఉన్నట్లు తేలింది. ఇవి పట్టణాలు కావు, మన పల్లెటూళ్ళే! ఈ జబ్బులన్నిటికీ బరువు ఒక్కటే కారణమని చెప్పలేము. కానీ పొట్ట చుట్టూ పేరుకునే కొవ్వు షుగరును, రక్తపోటును రెండింటినీ పెంచుతుంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తర్వాత మన డెల్టాలో వరి అన్నానికి లోటు లేకుండా పోయింది. నాగలి వెనుక నడిచి, ఊడ్పులు ఊడ్చి, మోపులు మోసిన శరీరాలకు నిండు కంచం సరిపోయేది. ఇప్పుడు దమ్ము ట్రాక్టరు చేస్తోంది, కోత యంత్రం కోస్తోంది, చేను గట్టు వరకు మోటారు సైకిలు వెళుతోంది. పని మారింది గానీ కంచం మాత్రం తాతగారిదే.

మీ ఇంట్లో ఎవరు జాగ్రత్త పడాలో తెలుసుకోవడానికి దర్జీ టేపు చాలు. బొడ్డుకు కాస్త పైన నడుము చుట్టూ కొలవండి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి 59 కిలోలు దాటితే అధిక బరువు, 64 దాటితే స్థూలకాయం కింద లెక్క. "కాస్త ఒళ్ళు చేశారు, ఆరోగ్యంగా ఉన్నారు" అనే మన మెచ్చుకోలు ఇక్కడ పనికిరాదు.

కంచంలో అన్నం ఎలా పెరుగుతుంది?

ఒకసారి మీ ఇంటి మధ్యాహ్న భోజనాన్ని గమనించండి. ముందు పప్పుతో కొంత అన్నం, తర్వాత కూరతో కొంత, పులుసుతోనో చారుతోనో కొంత, చివర పెరుగుతో కొంత. ప్రతి విడతా కొంచెమే! పైగా కూర మిగిలిందని కాస్త అన్నం, ఆ అన్నం మిగిలిందని కాస్త పెరుగు. తిన్నవారికి నాలుగు సార్లూ "కొద్దిగానే" తిన్నట్లుంటుంది. ఎంత తిన్నదీ ఆయనకూ తెలియదు, పెట్టిన మీకూ తెలియదు.

పూర్వం మన పెద్దవాళ్ళు గిద్ద, సోల, తవ్వ అని కొలిచి బియ్యం ఎసట్లో పోసేవారు. ఆ కొలత మళ్ళీ కావాలి. ఎలక్ట్రిక్ కుక్కరుతో వచ్చే ప్లాస్టిక్ కప్పు మీ వద్ద ఉంటే దానితో సమంగా కొలిచిన బియ్యం సుమారు 150 గ్రాములు. దానినుండి 500 కాలరీలకు పైగానే వస్తాయి. బరువు తగ్గవలసిన మనిషికి, ఎండలో కాయకష్టం చేయనివారైతే, ఒక పూటకు సాధారణంగా అందులో సగం చాలు. మీ రోగికి ఎంతన్నది డైటీషియనును అడిగి, ఆ కప్పు మీద గీత గీసి పెట్టుకోండి. గీత గీసిన కప్పుకు ఉన్న మాట నోటి మాటకు ఉండదు.

తర్వాత వడ్డన. ఆ పూటకు లెక్కైన అన్నమంతా ఒకేసారి కంచంలో పెట్టి, గరిటెతోనే మూడు భాగాలు చేయండి. ఏ భాగం దేనితో తింటారో వారిష్టం. గిన్నెను వంటింట్లోనే ఉంచి రండి. ఎదురుగా ఉంటే మీ చెయ్యి ఆగదు. పెరుగన్నం మానలేనివారు చాలామంది ఉన్నారు. వారికి మూడవ భాగాన్ని దానికే ఉంచండి, లేదా చివర గ్లాసుడు పల్చని మజ్జిగ ఇవ్వండి.

అన్నం తగ్గించిన చోటు ఖాళీగా ఉంచితే సాయంత్రం నాలుగింటికల్లా జంతికల డబ్బా మూత తెరుచుకుంటుంది. కాబట్టి ఆ చోట్లో కూర పెట్టాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే ఉండాలంటున్నాయి. ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, తోటకూర, బచ్చలి, ఏదైనా సరే, అన్నంలో కలుపుకునే నంజుడులా కాకుండా గిన్నెడు పెట్టండి. కంద, కర్రపెండలం, చిలగడదుంప మాత్రం కూరల లెక్కలోకి రావు; అవి వండిన రోజున అన్నం ఇంకా తగ్గాలి. పప్పు, గుడ్డు, చేప తగ్గించకండి. శీలావతి అయినా బొచ్చె అయినా వేపుడుకంటే పులుసు మేలు.

"రాత్రి అన్నం మానేసి చపాతీలే తింటున్నారండి, అయినా తగ్గలేదు" అని కొందరు వాపోతారు. నూనె వేసి కాల్చిన చపాతీలు అయిదు తింటే ఎలా తగ్గుతారు? నూనె లేని పుల్కాలు రెండు, కూర ఎక్కువగా, అన్నప్పుడే ఆ మార్పుకు అర్థం ఉంటుంది.

నూనె కొలత నెలకొకసారి చూస్తే చాలు: మనిషికి అర లీటరు, నలుగురికి రెండు లీటర్లు. టీ లెక్క రోజూ చూడాలి. రెండు చెంచాల పంచదారతో రోజుకు అయిదు టీలు తాగేవారికి టీలోనే 50 గ్రాముల పంచదార, అంటే 200 కాలరీలు చేరుతున్నాయి. పరామర్శకు వచ్చే బంధువులు ఆత్రేయపురం పూతరేకులో, తాపేశ్వరం కాజాలో తెస్తారు. వారిని కాదనలేరు. తీసుకుని పిల్లలకు, పొరుగువారికి పంచేయండి. రోగి మంచం పక్కన బల్ల మీద పెట్టకండి.

ఒక మాట మరీ ముఖ్యం. రోగికి వేరుగా చప్పిడి కంచం పెట్టి, మిగతావారు ఎదురుగా వేపుళ్ళు తినడం చాలా ఇళ్ళలో చూస్తాము. అలాంటి పథ్యం పది రోజులు కూడా నిలవదు. పైగా ఆ మనిషి తనను వెలివేసినట్లు బాధపడతారు. ఇంటిల్లిపాదీ అదే వంట తినండి. తల్లిదండ్రులకు షుగరు ఉంటే పిల్లలకూ వచ్చే అవకాశం ఎక్కువ గనుక ఆ వంట మీకూ అవసరమే.

ఇవి చేయకండి

ఇన్సులిన్ గాని, షుగరు మాత్రలు గాని వాడుతున్నవారికి డాక్టరుగారికి చెప్పకుండా అన్నం ఒక్కసారిగా తగ్గించకండి, పూట మాన్పించకండి. షుగరు బాగా పడిపోయి చెమటలు, వణుకు, మాట తడబడటం కనబడితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏదీ పోయకండి. ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి. గర్భిణులకు, క్షయ రోగులకు, నీరసించిన వృద్ధులకు ఈ తగ్గింపులు వర్తించవు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి పప్పు, పండ్లు, కొబ్బరినీళ్ళ విషయంలో లెక్క వేరు, అడిగి తెలుసుకోండి.

వారానికి అర కిలో తగ్గితే అదే మంచి వేగం. 80 కిలోల మనిషి నాలుగు కిలోలు తగ్గినా షుగరులో, రక్తపోటులో తేడా కనబడుతుంది. తిరిగి పరీక్షకు వచ్చేటప్పుడు మందుల చీటీతో పాటు మీరు గీత గీసిన కప్పును, ఆ నెలలో ఎంత నూనె కొన్నారో రాసిన కాగితాన్ని కూడా తెచ్చుకోండి. వడ్డించేవారు తప్పకుండా వెంట రండి.