ఆన్‌రోడ్ ధర మీద బేరమాడకండి

కారు షోరూంలో ఇచ్చే కొటేషన్ కాగితంలో అన్నిటికన్నా కింద, లావు అక్షరాల్లో ఉండేది ఆన్‌రోడ్ ధర. బేరమాడకూడని అంకె అది. జంషెడ్‌పూర్ సీతారాండేరా నుంచి షోరూంకు వెళ్లే మనవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేదీ దాన్నే. ‘మొత్తం మీద పదివేలు తగ్గించాం’ అంటే సంతోషంగా అడ్వాన్సు కట్టేస్తాం. ఆ పదివేలు ఇన్సూరెన్సు పద్దులో మళ్లీ ఎక్కాయేమో చూడం. ఆ మొత్తంలో ఉన్న ఒక్కో పద్దు వెనుక ఒక్కో చట్టం ఉంది కాబట్టి, బేరం కూడా పద్దు పద్దుకీ వేరుగానే సాగాలి.

ముందు ఎక్స్‌షోరూం ధర. ‘ఇది కంపెనీ రేటండీ, మా చేతుల్లో ఏమీ లేదు’ అనేది అక్కడ వినిపించే మొదటి మాట. కానీ డీలర్లు తమంతట తాము ఎక్కువ డిస్కౌంటు ఇవ్వకుండా కట్టడి చేసిందంటూ కాంపిటీషన్ కమిషన్ 2021 ఆగస్టులో మారుతీ సుజుకీకి 200 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది. అంతకుముందు 2017లో హ్యుందాయ్‌కి వేసిన 87 కోట్ల జరిమానాను అప్పీలు ట్రిబ్యునల్ మరుసటి ఏడాది కొట్టేసింది కూడా. కాబట్టి డిస్కౌంటు మన హక్కు అనలేం. కానీ తన లాభంలోంచి తగ్గించే స్వేచ్ఛ డీలరుకు ఉంది, అడిగే స్వేచ్ఛ మనకుంది. తగ్గించినదాన్ని సీటు కవర్ల రూపంలో కాకుండా ఇన్వాయిస్‌లోనే చూపించమనండి. అప్పుడు జీఎస్టీ కూడా తగ్గిన ధర మీదే పడుతుంది.

అసలు కథంతా ఇన్సూరెన్సులో ఉంది. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ పాలసీ 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి. దాని ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించేదే, ఎక్కడ కొన్నా ఒకటే. మన బండికి జరిగే నష్టానికి తీసుకునే ఓన్ డ్యామేజ్ భాగంలోనే రేట్లు కంపెనీకొకలా ఉంటాయి. షోరూం మెట్లెక్కకముందే అదే మోడలుకు రెండు కంపెనీల రేట్లు చేతిలో పెట్టుకోండి. ‘మా దగ్గర తీసుకోకపోతే కారివ్వం’ అంటే, ఒకటి కొనాలంటే ఇంకొకటి కొనమని షరతు పెట్టడమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం దాన్ని నిర్బంధ వ్యాపార పద్ధతి అంటుంది. ‘బయటి పాలసీకి క్యాష్‌లెస్ రాదు’ అని భయపెడతారు. క్యాష్‌లెస్ వచ్చేదీ రానిదీ ఆ బీమా కంపెనీకి వర్క్‌షాపుతో ఉన్న ఒప్పందాన్ని బట్టి. పాలసీ అమ్మినవాణ్ని బట్టి కాదు. బయటి పాలసీ తెచ్చుకుంటే డిస్కౌంటు తగ్గిస్తామంటారా, రెండు లెక్కలూ కాగితం మీద వేయించండి. ఒక్కోసారి వాళ్లదే చవకగా తేలవచ్చు, అందులో నామోషీ ఏముంది?

రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ సర్కారువి. అక్కడ బేరం లేదు, రసీదు మాత్రం అడగాలి. సొంత వాడకం కారుకు కేంద్ర నిబంధనల్లో ఉన్న రిజిస్ట్రేషన్ ఫీజు 600 రూపాయలు. లోను ఉంటే హైపోథికేషన్‌కు మరో 1,500. ‘రిజిస్ట్రేషన్ ఖర్చులు’ అని గుండుగుత్తగా ఒక పెద్ద అంకె రాసి ఉంటే విడగొట్టమనండి. ‘హ్యాండ్లింగ్ చార్జీ’ ఏ సేవకో చెప్పమనండి. జవాబు రాకపోతే కొట్టేయించండి.

ఇంత అడిగితే డెలివరీ ఆలస్యం చేస్తారని కొందరు, పదివేల కోసం కోర్టుకెవరు పోతారని మరికొందరు అంటారు. మొదటి భయంలో నిజం లేకపోలేదు, గిరాకీ బాగా ఉన్న మోడలు దగ్గర మన పట్టు తక్కువే. అందుకే ఈ ప్రశ్నలన్నీ అడ్వాన్సు కట్టకముందే అడగాలి. రెండోదానికి జవాబు చట్టంలోనే ఉంది. మనం ఉంటున్న జిల్లాలోనే, అంటే తూర్పు సింగ్‌భూం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. ఐదు నుంచి పది లక్షల కారుకు ఫీజు 200 రూపాయలు, గడువు రెండేళ్లు, వకీలు తప్పనిసరి కాదు. దానికన్నా ముందు 1915 హెల్ప్‌లైన్ ఉంది. అయితే ఎక్కడికెళ్లినా మొదట అడిగేది కాగితమే: పద్దులు విడివిడిగా రాసి, తేదీ వేసి, షోరూం ముద్ర కొట్టిన కొటేషన్.