వేరును వెదకు సూక్ష్మజీవి

చలనము జీవలక్షణములలో నొకటియని మనము చిన్ననాటనే చదువుకొన్నాము. కన్నులు, చెవులు, మెదడు లేని బ్యాక్టీరియా తనకు మేలైన చోటునకు ఎట్లు చేరుచున్నది? ఈ ప్రశ్న ప్రయోగశాలకు మాత్రమే సంబంధించినది కాదు. పత్తికొండ, పులివెందుల ప్రాంతముల చేలయందును దీనికి స్థానము కలదు. మన సీమలో బుడ్డలని పిలువబడు వేరుసెనగ మొక్కను పెరికి చూచినచో వేళ్లపై చిన్న బుడిపెలు కనబడును. వానిలో వసించు రైజోబియం జాతి బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు ఆహారముగా మార్చి యిచ్చుచున్నది. వేరు స్రవించు రసాయనములు మన్నులోని నీటిపొరలందు వ్యాపింపగా, వాని జాడను బట్టి యీ జీవి వేరును చేరును.

ఇట్లు కదలుటను రసాయనానుచలనము అందురు. 1880 దశకమున జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ ఫెఫర్, సన్నని గాజునాళికలలో ఆహారద్రావణము నింపి, బ్యాక్టీరియా వానిలోనికి గుమిగూడుటను చూపెను. 1960 దశకమున అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున జూలియస్ ఆడ్లర్, మన ప్రేగులలో నివసించు ఎషరీషియా కోలైపై ఈ ప్రయోగమును విస్తరించెను. ఒక చక్కెరను జీర్ణించుకొను శక్తి కోల్పోయిన బ్యాక్టీరియా సైతము ఆ చక్కెర వైపే పోయినవి. కావున అవి లాభమును లెక్కించుట లేదనియు, రసాయనమునే గుర్తించుచున్నవనియు 1969లో ఆయన నిరూపించెను.

ఈ జీవి పొడవు మిల్లీమీటరులో సుమారు ఐదువందలవ వంతు. దాని దేహముపై గల కశాభములు, అనగా కొరడావంటి పోగులు, మొదట నున్న యంత్రముచే గిరగిర తిరుగును. గడియారపు ముళ్లకు ఎదురుగా తిరిగినచో పోగులన్నియు ఒక జడగా కలిసి జీవిని ముందునకు నెట్టును. ముళ్ల దిశలో తిరిగినచో జడ వీడి, జీవి దొర్లి, ఏదో యొక దిక్కునకు మళ్లును. దిక్కును ఎన్నుకొను శక్తి దానికి లేదు. చీకటిలో అత్తరు దుకాణమును వెదకువానిని తలంతము. పరిమళము హెచ్చుచున్నంతవరకు నడచును, తగ్గినచో మళ్లును. బ్యాక్టీరియా చేయునదియు ఇంతే. ఇప్పటి రుచిని కొన్ని క్షణముల క్రిందటి రుచితో పోల్చి, మేలైనచో దొర్లుటను వాయిదా వేయును.

ఈ నడవడి యంతయు జన్యువులలో లిఖింపబడియున్నది. ఆ జీవికి గల సుమారు 4,300 జన్యువులలో 50 వరకు ఈ పనికే వినియోగపడుచున్నవి. వీనిలో మూడు అంతస్తులు కలవు. పై అంతస్తు జన్యువులు ఆజ్ఞ యిచ్చును. రెండవ అంతస్తువి యంత్రమును, దానిపై కొక్కెమును కట్టును. కొక్కెము పూర్తియగువరకు ఒక మాంసకృత్తు మూడవ అంతస్తును అడ్డగించియుండును. పూర్తికాగానే అది ఆ కొక్కెపు రంధ్రము గుండా బయటికి నెట్టబడును. పునాది ముగియనిదే గోడ మొదలుపెట్టని మేస్త్రీ వివేకమిది! తుదకు పోగును, రసాయనములను పసికట్టు గ్రాహకములును సిద్ధమగును. గ్రాహకమునుండి యంత్రమునకు వార్తను కీ-వై అను చిన్న మాంసకృత్తు చేర్చును. దాని జన్యువు చెడినచో జీవి ఈదును గాని మళ్లజాలదు.

రైజోబియం జాతులలో వివరములు కొంత వేరైనను మూలసూత్రమిదియే. లూసర్న్ మొక్కలపై జరిగి 1981లో వెలువడిన పరిశోధనలో, కదలలేని రైజోబియం కూడ బుడిపెలు కట్టెను. కాని కదలగల వానితో కలిపి పెట్టగా పోటీలో వెనుకబడెను. అయితే జన్యువులెన్ని యున్నను ఈదుటకు నీరు కావలెను. మట్టిరేణువుల నడుమ నీటిపొర ఎండినచో కశాభము నిరుపయోగము. విత్తనమునకు పట్టించిన రైజోబియం పొడి పెట్టినచోటనే నిలిచిపోవును. తడి యున్నను ఆ జీవి స్వయముగా పోగల దూరము స్వల్పమే. ఇంకు వాననీరే దానిని లోతునకు చేర్చును. అందుచే ఆ పొడిని నీడలో పట్టించి, నేల పదును చూచి విత్తవలెను. అదనును, పదునును ఎరిగి విత్తుమను మన రైతు మాటయందు, కంటికి కానరాని ఈ జీవి జీవితసూత్రము కూడ ఇమిడియున్నదని విద్యార్థులు గ్రహింతురు గాక.