గాలం వేసే చోట మర్యాద



కాలువ గట్టున గాలం వేసుకొని ఒకాయన కూర్చుని ఉన్నాడు. మీరు వెళ్ళి ఆయన బెండు పక్కనే మీ బెండు పడేలా గాలం వేశారనుకోండి. ఆయన ఏమంటాడో మీకు తెలుసు! నాలుగు బారలు అవతలికి జరిగి కూర్చోవాలని మన పిల్లలకు ఎవరూ నేర్పనక్కరలేదు. అయితే జరగడానికి చోటే లేనంతగా జనం ఉంటే ఏం చేయాలి? అటువంటి నదుల దగ్గర పాటించే పద్ధతులను ఈ వారం తెలుసుకుందాం.

అమెరికాలోని అలాస్కాలో రష్యన్ రివర్ అనే చిన్న నది ఉంది. అది కీనై అనే పెద్ద నదిలో కలుస్తుంది. మన గోదావరికి పులస ఎదురీదుకుంటూ వచ్చినట్టే, వేసవిలో సాకై అనే సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి సముద్రం నుండి అక్కడికి వస్తాయి. అవి గుంపుగా వచ్చే రోజులు కొన్నే కాబట్టి మనుషులూ ఒక్కసారే వచ్చి పడతారు. నీళ్ళలో భుజాలు రాసుకునేంత దగ్గరగా నిలబడతారు. దీనికి అక్కడివాళ్ళు నవ్వులాటగా పెట్టిన పేరు 'యుద్ధపు వేట'.

పేరు యుద్ధమే గాని, పద్ధతి తెలిసినవాళ్ళ మధ్య పోట్లాట తక్కువ. అందరూ కొద్దిపాటి దారమే వదిలి, ఎగువకు వేసి, ప్రవాహంతో దిగువకు పోనిచ్చి, మళ్ళీ తీసి వేస్తారు. పక్కవాళ్ళ వేగానికి తగ్గట్టు మనమూ వేస్తే దారాలు చిక్కుపడవు. చేప పడినవాడు "ఫిష్ ఆన్!" అని కేక వేస్తాడు. వెంటనే అటూ ఇటూ ఉన్నవాళ్ళు తమ దారాలు చుట్టేసుకొని దారి ఇవ్వాలి. అతను కూడా గొప్ప కోసం చేపను ఆడిస్తూ నిలబడక, త్వరగా ఒడ్డుకు లాక్కోవాలి. ఒక్కడి సరదా కోసం పదిమంది చేతులు కట్టుకొని నిలబడటం న్యాయమా? ఇంకొక మాట. పట్టు జారిన కొక్కెం రాయిలా ఎగిరి వస్తుంది. కళ్ళద్దాలు లేకుండా ఆ వరుసలో నిలబడకండి, పిల్లలను అసలే నిలబెట్టకండి.

స్కాట్లాండులోనూ తూర్పు కెనడాలోనూ చాలా సాల్మన్ మడుగుల దగ్గర పద్ధతి వేరు. అక్కడ ఎవరూ ఒకేచోట పాతుకుపోరు. మడుగు పైభాగాన మొదలుపెట్టి, ఒకసారి గాలం విసిరి, ఒకటి రెండు అడుగులు దిగువకు వేసి, మళ్ళీ విసురుతారు. మడుగు చివరికి చేరాక గట్టెక్కి, వెనుకగా నడిచి వచ్చి, మళ్ళీ వరుసలో ఆఖరున చేరతారు. కొత్తగా వచ్చినవాడు కూడా అందరికంటే ఎగువన, వెనుకనే దిగాలి.

కొత్తవాళ్ళు పొరపాటు చేసేది ఇక్కడే. "ఆయనకు యాభై గజాల దిగువన ఖాళీగా ఉంటే దిగాను, ఆయన చోటు నేనేం తీసుకున్నాను?" అంటారు. ఆయన నిలబడిన చోట వేట ఎప్పుడో అయిపోయింది. ఇంకో అరగంటలో తాను చేరబోయే ఆ కదలని నీటి కోసమే ఆయన చీకటితో లేచి వచ్చాడు. మీరు అందులో దిగి చేపలను బెదరగొడితే ఆయన ఉదయమంతా పోయినట్టే. జేబులోంచి ఏమీ తీయలేదు కాబట్టి దొంగతనం అనిపించదు, అంతే. తెలియకపోతే గట్టు మీదనుండే అడగవచ్చు: "మీరు ఎటు వెళ్తున్నారండీ? నన్ను ఎక్కడ దిగమంటారు?" ఇలా అడిగినవాడికి చోటు ఇవ్వనివాళ్ళు అరుదు. నా మట్టుకు నాకు, మిగతా పద్ధతులన్నీ మరచిపోయినా ఈ ఒక్క ప్రశ్న గుర్తుంటే చాలుననిపిస్తుంది.

వచ్చే సంవత్సరాల్లో గాలం వేయబోయేవాళ్ళకు కూడా మనం చోటు వదలాలి. సాల్మన్ తల్లిచేప తోకతో గులకరాళ్ళను తవ్వి, ఆ గుంటలో గుడ్లు పెట్టి, మళ్ళీ రాళ్ళతో కప్పుతుంది. నది అడుగున చుట్టూ ఉన్న రాళ్ళకంటే తెల్లగా, కడిగినట్టు కనిపించే చోటు అదే. దానిమీద బూటు పడితే కింద ఉన్న గుడ్లు చితికిపోతాయి. అటువంటి చోటు కనిపిస్తే నీళ్ళలోంచి బయటికి వచ్చి, గట్టు మీదుగా చుట్టి వెళ్ళండి.